చూరు నీళ్ళ తగాదా

మా ఊరికి మూడు వైపులా కృష్ణ. నాలుగో వైపు వెల్దుర్తి నుంచి రోడ్డు ఉందని చెబుతారు గానీ, వానాకాలంలో దాని మీద ప్రయాణం చేసినవాళ్ళు దాన్ని కూడా నీళ్ళ ఖాతాలోనే వేస్తారు. నల్లమల వైపు నుంచి వచ్చిన గుట్ట ఒకటి స్నానానికి దిగి, నడుముల్లోతు రాగానే చలేసి ఆగిపోయినట్టుంటుంది మా నేల. ఆ గుట్ట కొసన ఊరు. అందుకే చుట్టుపక్కల వాళ్ళు అసలు పేరు వదిలేసి 'కొస' అంటారు. మాచర్ల బస్టాండులో "ఏ ఊరమ్మా?" అని ఎవరన్నా అడిగి, నేను "కొస" అంటే, "అయ్యో" అంటారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ అయ్యో వింటూనే ఉన్నాను.

ఎదురు ఒడ్డు తెలంగాణ. అక్కడ పెళ్ళిలో డీజే పెడితే మా వంటింట్లో గిన్నెలు అదురుతాయి. మంచం మీద ఇటు తిరిగి పడుకుంటే ఫోను ఆంధ్రలో ఉంటుంది, అటు తిరిగితే తెలంగాణకు స్వాగతం అని మెసేజి వస్తుంది. కానీ ఆ ఒడ్డున ఉన్న చుట్టాన్ని చూడాలంటే మాచర్ల వెళ్ళి, సాగర్ దగ్గర దాటి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. మరబోటు ఉంది కదా అంటారు. ఉంది. అది ఇప్పుడు ఏ ఒడ్డున ఉందో కనుక్కునేసరికి సగం పూట అయిపోతుంది.

మా అమ్మాయి చిన్నప్పుడు స్కూల్లో ద్వీపకల్పానికి ఉదాహరణ రాయమంటే 'మా ఊరు' అని రాసింది. టీచరు కొట్టేసి మార్కు తీసేసింది. మా మావయ్య, అంటే మా ఆయన నాన్న, మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని స్కూలుకి వెళ్ళాడు. "మూడు పక్కలా నీళ్ళు లేవంటావా? ఒక్కో పక్కనా తీసకపోయి కాళ్ళు తడిపిస్తా, రా" అన్నాడట. టీచరమ్మ గురజాల నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. మార్కు ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఉదాహరణలో మా ఊరు కూడా చెబుతోందని విన్నాను.

నేను పుట్టింది శావల్యాపురం దగ్గర. మాకు నీళ్ళంటే కాలవ. సాగర్ కుడి కాలవలో మా వంతు వస్తే పండగ, రాకపోతే ఎదురుచూపు. పెళ్ళయి మొదటిసారి ఇక్కడ జీపు దిగి ఆ నీళ్ళు చూసి నిజంగానే నోరు తెరిచాను. పొద్దుటి పొగమంచులో అవతలి ఒడ్డు కనపడటం లేదు. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో వ్యవసాయానికి ఇంకేం కొదవ అనుకున్నాను. మర్నాడు చేను చూపించారు. కందిచేను మబ్బుల వైపు చూస్తూ ఎండిపోతోంది. నీళ్ళు కింద, చేలు పైన. ఆ నీళ్ళు మాకు చూసుకోవడానికి, మా పుట్టింటివాళ్ళకి వాడుకోవడానికి. ఆ సంగతి మా మావయ్య మొదటి పూట అన్నం దగ్గరే తేల్చేశాడు.

"మీ ఊళ్ళో వరి పండాలని మా ఊరు ముంచారమ్మాయ్. గుర్తు పెట్టుకో."

డ్యాము కట్టేనాటికి నేను పుట్టనే లేదు. మా నాన్న నిక్కరు వేసుకుని తిరుగుతున్నాడు. అయినా కృష్ణకి అడ్డుకట్ట వేసింది నేనే అన్నట్టు చూశాడు. కొత్తకోడలిని కాబట్టి తలొంచుకున్నాను. తర్వాత్తర్వాత "అవును మావయ్యా, నేనే ముంచాను, ఇంకొంచెం పప్పు వేసుకుంటారా" అనడం నేర్చుకున్నాను.

పాత ఊరు కిందుండేది, ఏటి ఒడ్డున. నాపరాళ్ళ మిద్దెలు, ఒక వీధి, ఆ చివర పల్లె అని పిలిచే దళితవాడ, అందులో చర్చి. నీళ్ళు వస్తున్నాయని తెలిశాక తలుపులు, దూలాలు, రోళ్ళు ఊడబెరుక్కుని బండ్ల మీద గుట్టెక్కారు. పైన కొత్త ఊరు కట్టుకునేటప్పుడు ఎవరికిష్టమైన చోట వాళ్ళు కట్టుకోవచ్చు. కట్టుకోలేదు. కింద ఎవరి పక్కన ఎవరుండేవాళ్ళో పైనా అదే వరసలో కట్టుకున్నారు. పక్కింటివాడు నచ్చకపోయినా వదల్లేదు. కొత్త పక్కింటివాడితో తగాదా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి కదా, అంత ఓపిక ఎవరికుంటుంది.

మా తగాదా కూడా అలాగే బండెక్కి పైకొచ్చింది.

మా మావయ్యకి పినతండ్రి కొడుకు ఒకాయన ఉన్నాడు. నాకు చిన్నమావయ్య. పాత ఊళ్ళో వీళ్ళిద్దరి ఇళ్ళ మధ్య ఒక గేదె పట్టేంత సందు ఉండేది. మా మిద్దె పక్కనున్న కొట్టం చూరు నీళ్ళు ఆ సందులో పడేవి. సందు మాదైతే ఆ నీళ్ళు మా ఇష్టం. వాళ్ళదైతే కొట్టం వెనక్కి జరపాలి. ఇద్దరూ అప్పుడే మీసాలు వచ్చిన వయసులో ఉన్నారు. ఒక వానాకాలం ఆ సందులో చిన్నమావయ్య దూడని కట్టేశాడు, మా మావయ్య విప్పేశాడు, దూడ వెళ్ళి ఎవరిదో జొన్నచేను మేసింది. ఆ రోజుతో మాటల్లేవు. చూరు నీళ్ళు ఎటు పడాలో తేలకముందే కృష్ణ మొత్తం వచ్చి రెండిళ్ళ మీదా పడింది. పైన కొత్త ఇళ్ళ మధ్య బండి పట్టేంత దారి వదిలి, హద్దులు వేయించుకున్నారు. దాని మీద తగాదా లేదు. తగాదా అంతా కిందున్న సందు మీదే.

మాటల్లేవంటే ఒకరి మొహం ఒకరు చూసుకోరని కాదు. పొద్దున్నే ఇద్దరూ మా అరుగు మీదే కూర్చుంటారు. ఒకే పేపరు చెరో సగం చదువుతారు. నేరుగా మాట్లాడుకోరు, అంతే. మధ్యలో మనిషి కావాలి. మా అత్తయ్య పోయినప్పటి నుంచి ఆ మనిషిని నేను.

"అమ్మాయ్, ఆ పెద్దమనిషికి చెప్పు, పత్తికి ఇప్పుడు మందు కొడితే చానా నష్టపోతాడని" అంటాడు మా మావయ్య. పెద్దమనిషి మూరెడు దూరంలో ఉంటాడు.

"వినపడింది కదా మావయ్యా" అంటాను.

"వినపడితే ఏంది? నువ్వు చెప్పు."

నేను చెబుతాను. అప్పటిదాకా ఆకాశంలోకి చూస్తున్న చిన్నమావయ్య అప్పుడే విన్నట్టు తలాడించి, "నా చేను సంగతి ఆయనకెందుకో అడుగమ్మాయ్" అంటాడు. అదీ నేను మోసుకెళ్ళాలి. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ఇది ముగిసేదాకా కదలనివ్వరు. కొన్నాళ్ళకి మాటలకి కొంచెం చక్కెర కలపడం మొదలుపెట్టాను. 'వాడికి బుద్ధి లేదు' అనేది నా నోట్లో పడి 'ఇంకోసారి ఆలోచించమంటున్నారు' అయ్యేది. "నేనట్టా అన్లా" అని మావయ్య విసుక్కునేవాడు. పక్కనే ఉండి అంతా వింటున్న చిన్నమావయ్య మాత్రం నేను చెప్పినదానికే జవాబు ఇచ్చేవాడు. ఏ మాటకామాటే, ఆయన మర్యాదస్తుడు.

కొన్ని వేసవుల్లో నీళ్ళు బాగా కిందికి పోతాయి. అప్పుడు పాత ఊరు బయటపడుతుంది. ఊరంటే ఊరు కాదు, పునాదులు. మట్టిగోడలు ఎప్పుడో కరిగిపోయాయి. రాళ్ళ వరసలు, మొండి తుమ్మమొద్దులు, వాటికి తగులుకుని చిరిగిన వలలు, నత్తగుల్లలు, నెర్రెలు కొట్టిన ఒండ్రు. అలా బయటపడ్డ ఏడు మా ఊళ్ళో ఎవరూ చేలో పని పెట్టుకోరు. చీపుర్లు తీసుకుని కిందికి దిగుతారు. ఎవరి పునాదులు వాళ్ళు ఊడుస్తారు. మళ్ళీ మునగబోయే ఇంటిని గదులు గదులుగా ఊడవడం నేను మొదటిసారి చూసి నవ్వాపుకోలేకపోయాను. మా అత్తయ్య నా చేతికి చీపురిచ్చి, "నవ్వు తర్వాత, ముందు ఆ మూల ఊడువు" అంది. ఊడ్చి, ముగ్గేసి, అక్కడే మూడు రాళ్ళు పెట్టి కోడికూర వండుకుని తిని, సాయంత్రానికి పైకొస్తారు. పల్లె వాళ్ళు చర్చి పునాదుల మధ్య చాపలు పరుచుకుని పాటలు పాడతారు. సముద్రం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపలు పట్టుకునే జాలర్లు పడవల్లో నుంచి చూస్తూ ఉంటారు. మా గురించి వాళ్ళేమనుకుంటారో నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను.

ఊడ్చి తినడంతో ఆగితే బాగుండేది. తిన్నాక తాళ్ళు తీస్తారు. కొలతలు మొదలవుతాయి. పది నెలలు నీళ్ళలో, కొన్నిసార్లు వరసగా ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉండే నేల కోసం ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు కొట్టుకుంటారు. మా రెండిళ్ళూ అందులో ముందుంటాయి. అయితే మా సందు ఊళ్ళో అన్నిటికన్నా దిగువన. నీళ్ళు అందరి ఇళ్ళూ చూపించి, మా సందు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవి. హద్దురాయి ఎప్పుడూ నీళ్ళలోనే. మా మావయ్య మోకాళ్ళ లోతులో నిలబడి "ఈడే" అని వేలు పెట్టి చూపించేవాడు. ఇంకొంచెం లోపల నిలబడి చిన్నమావయ్య "కాదు, ఈడ" అని చూపించేవాడు. మధ్యలో చీర తడుపుకుంటూ నేను.

మొన్న వేసవిలో నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి పోయాయి. సరిగ్గా అప్పుడే చిన్నమావయ్య కొడుకు నరసరావుపేట నుంచి వచ్చాడు. అక్కడ విత్తనాల షాపు, పైన ఇల్లు. వాళ్ళ నాన్నకి చూపు తగ్గుతోంది, డాక్టరు దగ్గరికి తరచూ తిప్పాలి, ఈ రోడ్డు మీద అన్నిసార్లు కుదరదు, తీసుకెళ్ళిపోతానంటాడు. పెద్దాయన మొండికేశాడు. సందు సంగతి తేలేదాకా ఊరు కదలనన్నాడు.

"వదినా, ఎట్టాగోట్టా ఈ ఏడు తేల్చేయండి. మీది అన్నా సరే, మాది అన్నా సరే. నాకు మా నాయన కళ్ళు కావాలి, ఆ సందు కాదు" అన్నాడు నాతో. అబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మావయ్య అరుగు మీద పేపరు చదువుతూ ఇదంతా విన్నాడు. ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. ప్రతి వేసవిలో నీళ్ళు ఎంత తగ్గాయో చూడ్డానికి పొద్దున్నే గట్టు దాకా వెళ్ళే మనిషి, ఈసారి మోకాళ్ళ నొప్పులన్నాడు. మర్నాడు ఎండలన్నాడు. ఆ తర్వాత రోజు నీళ్ళు ఇంకా తగ్గాలన్నాడు. "ఇంకా తగ్గితే సాగర్ అడుగు కనపడుతుంది నాన్నా" అన్నాడు మా ఆయన. మావయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాకు వెంటనే తట్టలేదు. అన్నం వడ్డిస్తూ, "ఇన్నేళ్ళూ దీనికోసమే కదా మావయ్యా ఎదురుచూశారు" అన్నాను. ఆయన కంచం వైపు చూస్తూ, "కింద మా ఊళ్ళో బావి దగ్గర చింతచెట్టు ఉండేదని నీకు తెలుసా?" అన్నాడు.

"తెలీదు."

"నీ మొగుడికి?"

"ఆయన పుట్టకముందు సంగతి కదా."

"ఆఁ. తెలిసినోడు ఒక్కడే ఉన్నాడు" అని చెయ్యి కడుక్కున్నాడు.

అప్పుడు అర్థమైంది. పాత ఊళ్ళో పెరిగి పెద్దయినవాళ్ళు ఒక్కొక్కరే పోయి ఇక వీళ్ళిద్దరే మిగిలారు. సందు తేలితే చిన్నమావయ్య నరసరావుపేట పోతాడు. ఆయన పోతే, కింద ఒక ఊరుండేదని మా మావయ్య ఎవరితో పోట్లాడి చెప్పుకోవాలి? నాకు చానా బాధేసింది. మరోపక్క ఆ అబ్బాయి మొహం గుర్తొచ్చింది. ఇద్దరిలో ఎవరి పక్షాన ఉండాలో తెలీక ఆ పూట గిన్నెలు గట్టిగా తోమాను.

చివరికి ట్రాక్టరు కట్టారు. మావయ్యని ముందు, చిన్నమావయ్యని వెనక కూర్చోబెట్టారు. నేను షరా మామూలుగా మధ్యలో. కిందికి దిగేసరికి సందు పొడిపొడిగా బయటపడి ఉంది. మా ఆయన, ఆ అబ్బాయి పారలతో ఒండ్రు తీస్తుంటే, నేను ఊడుస్తుంటే, రాయి తగిలింది. మోకాలెత్తు హద్దురాయి, నిటారుగా, పాతినచోటే ఉంది. అది మా మావయ్య ఏళ్ళ తరబడి చూపించిన చోటే. సందు మాది. మా మావయ్య చెప్పిందే నిజం.

అందరం ఆయన వైపు చూశాం. చప్పట్లు కొట్టమన్నా కొట్టేవాళ్ళం. మావయ్య రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలితో తట్టాడు.

"ఇది కాదు" అన్నాడు.

మా ఆయన పార కింద పడేశాడు. "ఏంది నాన్నా? నువ్వు చెప్పిన చోటే గదా."

"మా హద్దురాయి నల్లగా ఉండేది. ఇది యాడిదో కొట్టుకొచ్చింది. వచ్చే ఏడు చూద్దాం."

"నిటారుగా కొట్టుకొచ్చిందా?"

మావయ్య నీళ్ళ వైపు తిరిగాడు. చిన్నమావయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. వంగి రాయిని పైనుంచి కిందిదాకా రెండు చేతులతో తడిమాడు. నడుము ఎత్తి నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, ఆయనకి చెప్పు. ఇదే రాయి. మా నాయన పాతాడు, నేను పక్కనే ఉన్నా. సందు వాళ్ళది. నేను ఒప్పుకుంటన్నా."

నేను మావయ్య వైపు తిరిగేలోపే ఆయన అందుకున్నాడు. "సందు మాది కాదని చెప్పు. వాళ్ళదే."

"వాళ్ళదేనని చెప్పమ్మాయ్."

"నాకొద్దని చెప్పు."

"వద్దంటే ఎట్టా? ఇన్నేళ్ళూ నా ప్రాణం తీసింది ఎవరని అడుగు."

"దూడని కట్టింది ఎవరో ఆయన్నే అడుగు. దూడ కట్టాడంటే సందు ఆయనదే గదా."

"విప్పింది ఎవరు? విప్పాడంటే ఆయనదే గదా."

పక్క పునాదుల్లో కూర వండుకుంటున్నవాళ్ళు గరిటెలు పట్టుకుని వచ్చేశారు. నా మెడ అటూ ఇటూ తిరిగి పట్టేసింది. ఒకరి సందు ఇంకొకరికి అంటగట్టడానికి ఇంత పోట్లాట ఏ ఊళ్ళోనూ జరిగి ఉండదు. ఇక చక్కెర కలిపే ఓపిక లేక, ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాను. పాపం ఆ అబ్బాయి, "మా నాయన ఒప్పుకున్నాడు గదా పెదనాయనా, ఒప్పుకోనీయండి" అని బతిమాలాడు.

"వాణ్ణి సరిగ్గా చూడమనమ్మాయ్" అన్నాడు మావయ్య. గొంతు పెద్దదైంది. "ఆ రాయి రంగు చూడమను. అది నలుపా, తెలుపా? చూసి చెప్పమను."

నేను చిన్నమావయ్య వైపు తిరిగాను. ఆయన మొహం రాయి వైపు లేదు. కొంచెం పక్కకి, ఒండ్రు వైపు ఉంది.

"కనపట్టం లేదమ్మాయ్" అన్నాడు మెల్లగా. "రాయీ కనపట్టం లేదు, మీ మావయ్యా కనపట్టం లేదు. ఏదో తెల్లగా ఉంది. సంక్రాంతి అప్పటి నుంచి ఇంతే. నీకూ, మా వాడికీ చెప్పలా. పేపరు ఊరికే పట్టుకు కూర్చుంటన్నా. ఇంక నేను పోవాల. ఆయనకి చెప్పు."

ఆ అబ్బాయి తలపట్టుకుని రాళ్ళ మీద కూర్చున్నాడు. నేను మావయ్యకి చెప్పాలి. ఏం కలిపి చెప్పినా అది తీపి కాదు.

మావయ్య నా కోసం ఆగలేదు. నన్ను పక్కకి జరిపి రాయి దాటి అవతలికి వెళ్ళాడు.

"ఒరేయ్" అన్నాడు.

నేను పెళ్ళయి వచ్చాక ఈయన ఆయన్ని నేరుగా పిలవడం అదే వినడం. గరిటెల వాళ్ళు కూడా కదల్లేదు.

"పోదువులే. చూపించుకోవాల గదా. పోయే ముందు ఊరు ఒకసారి చూసిపోవా?"

"యాడ చూసేది అన్నా. చెబుతుంటే."

"నేను చూస్తా, పద" అని చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ ఒండ్రులో నడవడం మొదలుపెట్టారు. పడతారేమోనని నేను వెనకాలే వెళ్ళాను. ఇది మీ గడప అంటూ మావయ్య ఆయన కాలిని రాతికి తగిలించాడు. ఇది మీ అమ్మ సజ్జలు దంచిన చోటు. ఇది వీధి. అక్కడిదాకా రాళ్ళయినా ఉన్నాయి. వీధి దాటాక ఏమీ లేదు, నెర్రెలు, నత్తగుల్లలు, అంతే. మావయ్య మాత్రం ఆగలేదు. కంసాలి వాళ్ళ ఇల్లు చూపించాడు, బడి మెట్లు చూపించాడు, దూరంగా చర్చి గంట చూపించాడు. మెట్టు ఉంది, కాలెత్తమన్నాడు. లేని మెట్టు మీదికి చిన్నమావయ్య కాలెత్తి పెట్టాడు. వెనక నుంచి ఆ అబ్బాయి ట్రాక్టరు హారను కొట్టాడు. ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఇదుగో బావి. ఈ పక్కన కుడి వైపు చింతచెట్టు" అన్నాడు మావయ్య, ఉత్త బురద వైపు తిప్పి.

చిన్నమావయ్య నిలబడిపోయాడు. "కుడి వైపు కాదన్నా. ఎడమ వైపు. నేను దాని మీంచే గదా పడింది."

ఎవరికీ ఎన్నడూ ఒక్క అడుగు వదలని మా మావయ్య ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆయన చెయ్యి వదలకుండా ఎడమ వైపుకి తిరిగి, చెట్టుకి తగలకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు.